పాప చేతికట్టు సంగతులు

ప్రియమైన మిత్రుడికి,

పాప చెయ్యి విషయం ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేశానని నీకు కోపం వచ్చిందని తెలుసు. అప్పుడు చిన్నవాడు నా ఒళ్లో ఉన్నాడు, పాప పక్కనే కూర్చుని వింటోంది. తమ గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే పిల్లలకు భయం రెట్టింపవుతుందిరా. అందుకే పొడిపొడిగా చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోయారు. అంతా వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ముందు నీ కంగారు తీరుస్తాను. దెబ్బ తగిలింది ఎడమచేతికి. మణికట్టుకు కాస్త పైన, ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే ఎముక. అది రెండు ముక్కలు కాలేదు. పచ్చి కొమ్మను బలంగా నొక్కితే తెగిపోకుండా ఒకచోట ఎలా ఉబ్బుతుందో, ఏడేళ్ల పిల్ల ఎముక కూడా అలాగేనని డాక్టరు చెప్పారు. ఎక్స్‌రేలో నాకూ చూపించారు. ఎముక అంచు నున్నగా దిగుతూ వచ్చి ఒకచోట చిన్నగా ఉబ్బి ఉంది, అంతే. పిల్లల ఎముకల చివర్లో ఎదుగుదల జరిగే భాగం ఒకటి ఉంటుంది, దెబ్బ అక్కడ తగిలి ఉంటే జాగ్రత్త ఎక్కువ కావాలి. అది క్షేమంగానే ఉంది. మూడు వారాలు కట్టు ఉంచుకుంటే చాలన్నారు.

పిండికట్టు వేస్తారనుకున్నాను. మనం చిన్నప్పుడు చూసినవన్నీ అవే కదా. వాళ్లు మాత్రం పట్టీలతో బిగించి, కావాలంటే విప్పుకునే కట్టు ఇచ్చారు. ఇంత తేలికైనది సరిపోతుందా అని నాకు మనసులో పీకుతూనే ఉంది. ఇంటికి వచ్చాక వెతికి చదివాను. ఎముక ఇలా విరగకుండా ఉబ్బే దెబ్బల మీద 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. 965 మంది పిల్లల్లో కొందరికి గట్టి కట్టు, కొందరికి మెత్తటి గుడ్డపట్టీ ఇచ్చి చూశారు. మూడో రోజుకు నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు, తర్వాతి వారాల్లో చెయ్యి కోలుకోవడంలోనూ తేడా రాలేదు. అది చదివాక గానీ నా మనసు కుదుటపడలేదు.

ఇక ఎలా జరిగిందంటే, పగలు ఎండకు మెట్ల పక్కన పేరుకున్న మంచు కరిగి నీళ్లు మెట్ల మీదకు పారతాయి. రాత్రి చలికి ఆ నీరు పలుచని పొరలా గడ్డకడుతుంది. తెల్లగా ఉండే మంచు అయితే కంటికి కనిపిస్తుంది, పిల్లలు కూడా జాగ్రత్తపడతారు. ఈ పొర మాత్రం మెట్టు తడిసినట్టే కనిపిస్తుంది. ఉప్పు చల్లే ఉంది. అయితే సున్నాకు పది డిగ్రీల కిందకు దిగిందంటే మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు. ఆ రాత్రి అంతకంటే చలి పడింది. ఇప్పుడు ఉప్పు మీద ఆశ పెట్టుకోకుండా ఇసుక చల్లుతున్నాను. ఇసుక మంచును కరిగించదు గానీ కాలికి పట్టు ఇస్తుంది.

బడికి బయలుదేరుతున్నాం. పాప ముందు, నేను వెనక తలుపు తాళం వేస్తూ, చిన్నవాడు నా కోటు పట్టుకుని. కాలు ముందుకు జారి వెనక్కి పడబోయి, ఒంటిని తిప్పుకుని ఎడమచెయ్యి నేలకు ఆనించింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. పడేటప్పుడు చెయ్యి చాచడం ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు, మణికట్టు దగ్గర ఎముకలు విరగడం ఎక్కువగా అలాగే జరుగుతుందట. నాకు మాత్రం ఆ చేతి మీద గౌరవమే కలిగింది. అది అడ్డం పడకపోతే మెట్టు అంచు తలకు తగిలేది.

ఇద్దరు మనుషులు ఉన్న ఇంట్లో ఆ క్షణాన పనులు వాటంతటవే పంచుకుపోతాయి. ఒకరు పడ్డ పిల్లను చూస్తారు, ఒకరు రెండో పిల్లను ఎత్తుకుంటారు, ఒకరు ఫోను చేస్తే ఒకరు కారు తీస్తారు. మీ చెల్లెమ్మ ఉద్యోగం మీద వెళ్లింది, చలి తగ్గేదాకా రాదు. ఇక్కడ ఉన్నవి నా రెండు చేతులే. అన్నీ ఒకేసారి చేయాలని ఒళ్లంతా తొందరపెడుతుంది. చేయగలిగింది మాత్రం ఒకదాని తర్వాత ఒకటే. ఏది ముందు, ఏది తర్వాత అని నిర్ణయించుకోవడమే ఒంటరి తండ్రికి అసలు పని అని నాకు ఆ రోజు తెలిసింది.

ముందు చిన్నవాణ్ణి తలుపు లోపల నిలబెట్టాను. వాడు కూడా మెట్ల మీదకు వస్తే నాకు ఇద్దరు రోగులు. తర్వాత పాప దగ్గర కూర్చున్నాను. వెంటనే పైకి లాగలేదు. గట్టిగా ఏడుస్తోంది, నన్ను గుర్తుపడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది, తలకు దెబ్బ లేదు. వేళ్లు కదుపమ్మా అన్నాను, కదిపింది. అప్పుడు నడుము చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చాను. గడ్డకట్టిన నేల మీద పిల్లలను ఎక్కువసేపు కూర్చోబెట్టకూడదు, పెద్దవాళ్లకంటే వాళ్ల ఒంట్లో వేడి తొందరగా పోతుంది.

లోపలికి వచ్చాక కోటు తీయడం పెద్ద పనైంది. మందపాటి చలికోటు, కింద స్వెటర్. ఎప్పుడైనా నీకు పనికొస్తుంది, గుర్తుపెట్టుకో: తీసేటప్పుడు బాగున్న చెయ్యి ముందు, దెబ్బ తగిలిన చెయ్యి చివర. తొడిగేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు. ఇలా చేస్తే దెబ్బ తగిలిన చేతిని వంచాల్సిన పనే ఉండదు, చొక్కానే దాని మీదుగా జారుతుంది. ఒక పత్రికను గుండ్రంగా మడిచి ముంజేతి కింద పెట్టి వదులుగా కట్టాను, నా మఫ్లర్‌తో చేతిని మెడకు వేలాడదీశాను. మంచు ముక్కలు తువ్వాల్లో చుట్టి పైన పెట్టాను, నేరుగా చర్మానికి తగలనివ్వలేదు. గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రెండు సెకన్లలో ఎర్రబడాలి. చలిలో చల్లబడ్డ వేళ్లకు కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి వేళ్లు వెచ్చబడ్డాక మరోసారి చూశాను. రంగు బాగానే వచ్చింది. బరువును బట్టి నొప్పి మందు పట్టించాను. తినడానికి మాత్రం ఏమీ పెట్టలేదు. ఎముక సరిచేయడానికి మత్తు ఇవ్వాల్సివస్తే కడుపు ఖాళీగా ఉండాలి కదా. ఆకలి అని పాప ఏడుస్తుంటే కాదనడం నొప్పి చూడడంకంటే కష్టమైంది నాకు.

చిన్నవాడి సంగతి చెప్పాలి. చలికాలం మొదట్లోనే పక్కింటి పెద్దావిడతో ఒక మాట అనుకున్నాను: మా ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర, ఆవిడది నా దగ్గర. ఆవిడ మెట్ల మీద మంచు నేను ఊడుస్తాను, నాకు అవసరమైతే ఆవిడ పిల్లల్ని చూస్తుంది. సాయం అడగడం నీకూ నాకూ చేతకాని పనేరా, చదువుకునే రోజుల నుంచీ అంతే. అయినా పిల్లలతో ఒక్కడివే ఉన్నప్పుడు ఆ మొహమాటానికి చోటు లేదు. అవసరం రాకముందే అడిగిపెట్టుకోవాలి, ఎందుకంటే అవసరం వచ్చిన క్షణంలో వివరించే తీరిక ఉండదు. ఫోను చేస్తే ఆవిడ చెప్పులు మార్చుకోకుండానే వచ్చేసింది. ఏమిటి, ఎందుకు అని ఒక్క ప్రశ్న వేయలేదు. వాణ్ణి ఎత్తుకుని, "మీరు వెళ్లండి" అంది. ఆ రెండు మాటల విలువ నేను ఎప్పటికీ తీర్చలేను.

మీ చెల్లెమ్మకు ఎప్పుడు చెప్పాలన్నది ఇంకో ప్రశ్న. అక్కడ నడిరాత్రి. అంత దూరంలో ఉండి ఏమీ చేయలేని మనిషిని నిద్రలేపి కంగారుపెట్టడమెందుకు, ఎక్స్‌రే వచ్చాక చెబుదామని ఒక ఆలోచన. కానీ తల్లికి తెలియకుండా బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం నా వల్ల కాలేదు. ఇల్లు దాటకముందే నాలుగు ముక్కలు పంపాను: పడింది, చెయ్యి నొప్పి, తలకు దెబ్బ లేదు, మాట్లాడుతోంది, ఎక్స్‌రే తర్వాత ఫోను చేస్తాను. ఆమె ఆ రాత్రంతా నిద్రపోలేదు. అయినా చెప్పడమే మంచిదైందని తర్వాత తనే అంది. నువ్వైతే ఏం చేసేవాడివో రాయి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ఆసుపత్రిలో ఒక సంగతి జరిగింది. దెబ్బ ఎలా తగిలిందని ముందు నర్సు అడిగింది. తర్వాత డాక్టరు అడిగారు. ఆ తర్వాత ఇంకొకరు వచ్చి, నన్ను కాస్త పక్కన ఉండమని, పాపనే అడిగారు. "ఇంట్లో ఇంకెవరు ఉంటారు? అమ్మ ఎక్కడ?" అని కూడా. ఒక్కడినే పిల్లల్ని పెంచుతున్న మగవాణ్ణి, విరిగిన చేతితో పిల్లను తెచ్చాను. వాళ్లు ఏం చూస్తున్నారో అర్థమై గుండెలో కలుక్కుమంది. కాసేపటికి తేరుకున్నాను. చిన్నపిల్ల ఎముక విరిగి వస్తే ఎవరినైనా ఇలాగే అడుగుతారు, అడగాలి. ఏ ఇంట్లోనైనా నిజంగా చెయ్యి మెలితిప్పినవాడు ఉంటే, ఆ పిల్లకు నోరు విప్పే అవకాశం ఆ ఒక్క ప్రశ్నే. అందరు తండ్రులనూ అడిగితేనే ఆ పిల్ల దొరుకుతుంది. పాప మాత్రం జారిన మెట్టు ఏదో, ఏ కాలు ముందు పోయిందో, నేను చేతిలో తాళం జారవిడుచుకుని ఎలా పరుగెత్తానో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిందట.

కట్టు బిగించాక మొదటి రెండు రోజులు చెయ్యి గుండెకంటే ఎత్తులో ఉంచమన్నారు, నిద్రలో కూడా దిండు మీద. వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే రమ్మన్నారు. రాత్రి లేచి లేచి ఆ వేళ్లను చూసుకున్నాను. నువ్వు కాసేపు పడుకో నేను చూస్తాను అనే గొంతు ఇంట్లో లేకపోవడం ఆ రాత్రి తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

మర్నాడు చిన్నవాడు ఎడమచేతికి చేతిరుమాలు చుట్టి కట్టమని తెచ్చాడు. ఆట అనుకున్నాను. కడుతుంటే మెల్లగా అడిగాడు, అక్క చెయ్యి ఊడి పడిపోతుందా అని. ఆ మాట అప్పటిదాకా లోపలే పెట్టుకున్నాడు పిచ్చివాడు. పాప స్వయంగా కట్టు విప్పి చూపించి, వాడి వేలితో తన వేళ్లు పట్టించాక గానీ నమ్మలేదు. దెబ్బ తగిలిన బిడ్డ చుట్టూ ఇల్లు తిరుగుతుంటే రెండో బిడ్డ ఏం ఊహించుకుంటోందో కనిపెట్టడానికి కూడా ఒక మనిషి కావాలి.

చలిలో కట్టుతో బయటికి వెళ్లడానికి మార్గాలు కనిపెట్టుకున్నాం. చేతితొడుగు పట్టదు కాబట్టి వేళ్ల మీదకు నా ఉన్ని మేజోడు తొడుగుతున్నాను. కోటు చెయ్యి ఖాళీగా వదిలేసి, చేతిని లోపలే ఉంచి పైన జిప్పు వేస్తున్నాను.

నొప్పి నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పట్టింది. తగ్గనిది భయం. మెట్ల దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఎత్తుకోమంటుంది. ఒక చేతిలో తమ్ముడు, ఇంకో చేతిలో సంచులు, ఏడేళ్ల పిల్లను ఎలా ఎత్తుకోను? అయినా మొదట్లో ఎత్తుకున్నాను. వాణ్ణి ముందు దింపి వచ్చి, మళ్లీ ఆమెను దింపాను. బడికి ఆలస్యమైనా సరే, తొందరపెట్టలేదు. "ఏం కాదు, దిగు" అనే మాట నేను అననని ఒట్టు పెట్టుకున్నాను. ఏదో ఒకటి అయింది కాబట్టే కదా భయపడుతోంది.

తర్వాత సెలవు రోజున ఇసుక డబ్బా ఆమె చేతికే ఇచ్చాను. మెట్టు మెట్టుకూ తనే చల్లింది, ఎక్కడ గడ్డకట్టిందో బూటు కొనతో గీకి చూసింది. మంచు మీద నడిచే తీరు ఇద్దరం కలిసి సాధన చేశాం: అడుగు చిన్నగా వేయాలి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, మోకాళ్లు కాస్త వంచాలి, చేతులు జేబుల్లో పెట్టకూడదు. చిన్నవాడు వెనక నిలబడి అవన్నీ చేశాడు. ఇప్పుడు కమ్మీ పట్టుకుని తనే దిగుతోంది. చివరి మెట్టు దగ్గర ఇంకా నా చెయ్యి కావాలి. ఇస్తున్నాను.

కట్టు తీసేలోగా దాని మీద అందరి సంతకాలూ ఉండాలట. మామయ్య సంతకం కాగితం మీద వేసి పంపితే అతికించుకుంటానంది. బొమ్మ కూడా వేయాలి, ఏనుగు అయితే మంచిదని కబురు చెప్పమంది. వెంటనే పంపు, ఆలస్యం చేస్తే నాకే చీవాట్లు. అమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? చలికి ఎక్కువైందేమో, వ్యాయామం మానలేదు కదా? నువ్వూ ఫోనులో రెండు ముక్కల్లో తేల్చకుండా వివరంగా రాయి.

నీ మిత్రుడు