అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జనరల్ బాడీలో సెక్రటరీ రిపోర్ట్ చదవాలని మన బైలాలో ఉంది కాబట్టి రాస్తా ఉండాను. ఈ ఏడాది కమిటీ మీటింగులు 11 పెట్టినాం, కోరం వచ్చింది 4 సార్లే, మిగతావి నేను, ట్రెజరర్ గారు, రెండు టీలు.

ముందు థాంక్స్ చెప్పాల్సినోళ్ళు. బ్రహ్మోత్సవాలప్పుడు ఫ్లాటుకి పదిమంది చుట్టాలు దిగి లిఫ్ట్ మొరాయిస్తే రాత్రి 11 గంటలకి వచ్చిన మెకానిక్ తమ్ముడికి, బోరు మోటర్ కాలిపోయినప్పుడు రెండ్రోజులు పడిగాపులు కాసి ట్యాంకర్లు పట్టించిన 101 మేడం గారికి, వినాయక చవితి పందిరి ఖర్చు పెట్టుకున్న ప్రెసిడెంట్ గారికి, సెల్లార్‌లో నీళ్ళు నిలిస్తే అర్ధరాత్రి బకెట్లతో ఎత్తిపోసిన వాచ్‌మన్ దంపతులకి. ఆ నీళ్ళు పోయే కాలవ గురించి ఒక ఆఫీసుకి ఆరు అర్జీలు ఇచ్చినాం, ఆరు రసీదులు వచ్చినాయి, ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

ఇంక ఈ ఏడాది నాకు తృప్తి ఇచ్చిన పని, సెల్లార్‌లో పెట్టిన సిబిల్ మీటింగ్ (సిబిల్ అంటే మనం అప్పులు ఎట్లా కడతా ఉండామో స్కోరు వేసే రిపోర్ట్). అది ఎందుకు పెట్టాల్సి వచ్చిందో రానివాళ్ళ కోసం రాస్తా ఉండాను, రానోళ్ళే ఎక్కువ కదా.

జూన్‌లో 304 తలుపుకి బ్యాంకు వాళ్ళు నోటీసు అంటించి పోయినారు. ఎండిన మామిడి తోరణం కింద, నామాల స్టిక్కర్ సగం మూసుకుపోయేట్టు. ఇప్పుడున్నాయన ఏదో అప్పు చేసినాడని అందరం అనుకున్నాం, దగ్గరికి పోయి చదివితే పేరు పాత ఓనర్ సార్‌ది, పక్కన కో-అప్లికెంట్‌గా, అంటే లోన్‌లో జత సంతకం పెట్టినామెగా, వాళ్ళ మిసెస్ పేరు. ఆ సార్ మూడేళ్ళ కిందే బావమరిది వరసాయనకి ఫ్లాట్ రిజిస్ట్రేషన్ చేసిచ్చి చిత్తూరు పోయి సెటిలయినారు. లోన్ మాత్రం బ్యాంకుకి చెప్పకుండా అట్లే పెట్టి, "ఈఎంఐ నేను కట్టుకుంటా బావా" అన్న నోటిమాట మీద వదిలేసినారు. ఆయన కొన్నాళ్ళు కట్టినాడు, తర్వాత మానేసినాడు. సార్‌కి ఎప్పుడు తెలిసిందంటే పాప ఎడ్యుకేషన్ లోన్‌కి పోయినప్పుడు, బ్యాంకులో అమ్మాయి మానిటర్ ఈయన వైపు తిప్పి చూపించిందంట, 780 దాకా ఉన్న స్కోరు 560కి వచ్చేసింది. మిసెస్ స్కోరూ పడిపోయింది, ఆమె చేసిన తప్పల్లా సంతకం పెట్టడమే.

మన 202 రిటైర్డ్ మేనేజర్ సార్ మీటింగ్‌లో చెప్పింది ఇదీ. రిజిస్ట్రార్ ఆఫీసులో ఇల్లు పేరు మారతాది గానీ బ్యాంకులో లోన్ పేరు మారదు. 90 రోజులు బాకీ పడితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, తాకట్టు ఆస్తి అమ్మి బ్యాంకులు అప్పు రాబట్టుకునే 2002 సర్ఫేసీ చట్టం 13(2) కింద 60 రోజుల నోటీసు, అది లోన్ తీసుకున్నాయన పేరు మీదే వస్తాది, అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇవ్వాల. ఆమీద పొజిషన్ (ఇల్లు బ్యాంకు స్వాధీనం), తలుపుకి నోటీసు, రెండు పేపర్లలో ప్రకటన, వేలం. బాకీ మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవాలంటే వేలం ప్రకటన పేపర్లో పడేలోపే. వేలంలో వచ్చింది అప్పుకి చాలకపోతే మిగతాది మళ్ళీ లోన్ పేరున్నాయన దగ్గరే వసూలు చేస్తారు. ఇల్లూ పాయ, బాకీ మిగిలె! 304 పాత ఓనర్ సార్‌కి అదే జరిగింది. తగ్గించి సెటిల్ చేసుకుంటే రిపోర్ట్‌లో 'సెటిల్డ్' అని పడతాది, తర్వాత లోన్ ఇచ్చేవాళ్ళు అది చూసి వెనకాడతారు, మొత్తం కడితే 'క్లోజ్డ్' అని వస్తాది. అందుకని ఆ సార్ కిందామీదా పడి మొత్తం కట్టేసినారు. కట్టినా ఎగ్గొట్టిన నెలల లెక్క రిపోర్ట్‌లోంచి వెంటనే పోదంట. పాప లోన్‌కి ఇప్పుడు వాళ్ళ పెద్దనాన్న కో-అప్లికెంట్.

కట్టినాక కూడా రిపోర్ట్ మారలేదు. కంప్లయింట్ మనమే రాసిచ్చినాం. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ రూల్ ఉందని అందులో రాసినాం, 26వ రోజు మారిపోయింది.

మధ్యలో 401 ఆంటీ లేచి "మా వాడు అమెరికాలో ఫోర్‌క్లోజర్ అంటే భయపడతాడు, ఇక్కడ బ్యాంకాయన ఫోర్‌క్లోజర్ చేసుకోండి మంచిదే అన్నాడు, ఏంది సార్ ఇది" అని అడిగితే అందరూ నవ్వినారు గానీ మంచి ప్రశ్న. మన దగ్గర ఆ మాటకి లోన్ ముందుగానే కట్టేయడం అని అర్థం, అక్కడ ఇల్లు లోన్ వాళ్ళు తీసేసుకోవడం. అక్కడ కూడా టైటిల్ ఎవరికి రాసిచ్చినా లోన్ మీద సంతకం పెట్టినోడి రిపోర్ట్‌లోనే 7 ఏళ్ళు ఉంటాదంట.

కాబట్టి మన అపార్ట్‌మెంట్‌లో ఎవరు అమ్మినా కొన్నవాళ్ళ డబ్బుతో లోన్ క్లోజ్ చేయించి, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ తీసుకుని, రిజిస్ట్రార్ ఆఫీసులో మార్ట్‌గేజ్ (తాకట్టు) రద్దు చేయించి, ఆస్తి మీద తాకట్లు ఏమున్నాయో చూపించే ఈసీ తీసి చూసుకోండి. సిబిల్ రిపోర్ట్ ఏడాదికి ఒకసారి ఫ్రీ. లోన్ క్లోజ్ అయిన 30 రోజుల్లో ఇంటి దస్తావేజులు తిరిగి ఇవ్వకపోతే బ్యాంకే రోజుకి 5,000 ఇవ్వాల.

48 ఫ్లాట్లకి 60 కుర్చీలు తెప్పించినాం, వచ్చింది 17 మంది. గ్రూపులో మాత్రం 39 బొటనవేళ్ళు. ఇడ్లీలు మిగిలితే పక్క బిల్డింగ్ మేస్త్రీలు తిన్నారు. వాలంటీర్లుగా పేరిచ్చిన ఐదుగురిలో కుర్చీలు మోసింది ఒక్కడే, ఆ పిల్లోడు ఓనర్ కాదు, 103లో అద్దెకుండే స్టూడెంట్.

లెక్కలు ట్రెజరర్ గారు జిరాక్స్ పంచినారు, ఆడిట్ అయింది, డౌటుంటే ఆయన్నే అడగండి. 304 మెయింటెనెన్స్ 14 నెలల బాకీ వేలంలో కొన్నాయన కట్టినాడు, ఊరికే కాదు, మూడుసార్లు గొడవపడినాక.

ఆయన వచ్చే గురువారం దిగతా ఉండారు. సామాన్లు లిఫ్ట్‌లో ఎక్కించేటప్పుడు అద్దానికి అట్టలు కట్టమని వాచ్‌మన్‌కి చెప్పినాను, ఆ టైమ్‌లో కార్లు గేటుకి అడ్డం పెట్టొద్దు.

ఇట్లు
సెక్రటరీ