పాపను ఏ బడిలో వేయాలన్న నీ ప్రశ్నకు

నెల్లూరు

ఒరేయ్ శీనూ,

ఒంగోలుకు బదిలీ అయిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా ఉత్తరమంతా పాప బడి గురించే నింపావు. బాగుంది, మొత్తానికి నాన్నవయ్యావు!

నువ్వు పంపిన ఆ బడి కరపత్రం చదివాను. పైన ‘సర్వతోముఖాభివృద్ధి’ అని పెద్ద అక్షరాలు. కింద అబాకస్, కరాటే, కీబోర్డు, వేద గణితం, అవి చాలనట్టు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. పొద్దున ఏడున్నరకు బస్సెక్కిన పిల్ల సాయంత్రం ఆరున్నరకు దిగుతుందట. ఇందులో పాప ఊరికే కూర్చునే వేళ ఏదిరా? అయిదో తరగతి దాటిన ఈ వయసు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ బడి పట్టికలో ఈ రెండూ ఎక్కడ ఇరికిస్తావో చెప్పు.

మొన్న పల్లిపాడు వెళ్లాను. పెన్న ఒడ్డున 1921లో గాంధీ ప్రారంభించిన ఆశ్రమం అక్కడే ఉంది కదా. అక్కడ తిరుగుతుంటే నీ ఉత్తరమే గుర్తొచ్చింది. ఆయనే 1937లో వార్ధాలో నయీ తాలీం అన్నాడు: ఏడేళ్ల చదువు, మాతృభాషలో, ఏదో ఒక చేతిపని చుట్టూ. పిల్లలు చేసిన వస్తువులతో పంతుళ్ల జీతాలు రాబట్టాలన్న ఆశ మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బడి కార్ఖానా కాకూడదు. కానీ చేతిని వదిలేసి బుద్ధికి మాత్రమే చదువు చెప్పలేమన్న మాట కాదనలేను.

మా పక్కింటి పిల్లను చూడు. నాన్నది చేపల వ్యాపారం. కిలో ధర చెబితే ముప్పావు కిలోకు ఎంతో నోటితోనే చెప్పేస్తుంది. అదే లెక్క భిన్నాలుగా నోటుపుస్తకంలో కనపడితే ఏడుపు. ఆ రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు బడిలో లేరు! పాపకు అలాంటి టీచరు దొరికితే చాలు, కరాటే లేకపోయినా నష్టం లేదు.

మీడియం గురించి చెల్లెమ్మకు బెంగ అన్నావు. 2020 జాతీయ విద్యావిధానమే వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. పాప ఆ తరగతి దాటింది కాబట్టి ఇంగ్లీషు వద్దనను. ఇంట్లో తెలుగు కథల పుస్తకాలు మాత్రం మానిపించకండి.

చేర్పించే ముందు ప్రిన్సిపాల్ గదికి కాదు, ఇంటర్వెల్ వేళ ఆ బడి గోడ దగ్గరికి వెళ్లి నిలబడు. పిల్లల గోల వినపడకపోతే ఫీజు అడగకుండా వచ్చెయ్. గ్రంథాలయం చూపించమను. తాళం కోసం వెతుక్కుంటున్నారంటే నీకే అర్థమవుతుంది.

ఇల్లు దొరికిందా? అడ్వాన్సు మరీ ఎక్కువ అడిగితే రాయి, మా బావ అక్కడే ఉన్నాడు, మాట్లాడతాడు. సెలవుల్లో పాపను ఇక్కడ దింపు. మైపాడు బీచ్‌కు తీసుకెళతాను, అమ్మ చేపల పులుసు పెడుతుంది.

నీ
రమణ