ఎర్ర గీతల మ్యాపులు: నిన్నటి ప్రశ్నకు నా జవాబు

అందరికీ నమస్కారం. అమెరికాలో చట్టం మారి యాభై ఏళ్లు దాటాక కూడా నల్లజాతివాళ్లు వెనకబడి ఉండటానికి పాత వివక్షే కారణమా అని నిన్న ఒకరు అడిగారు. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, కాస్త పొడవైంది, ఏమనుకోకండి.

1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలకు రంగుల మ్యాపులు గీయించింది. అప్పు ఇవ్వడానికి మంచి పేటలు ఆకుపచ్చ, ప్రమాదకరమైనవి ఎరుపు. నల్లజాతివాళ్లు ఉన్న పేటలు దాదాపు అన్నీ ఎరుపే. 1934లో మొదలైన ఫెడరల్ (అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ) గృహ రుణ బీమా కూడా అలాంటి పేటలను పక్కన పెట్టింది, దాంతో అక్కడ ఇంటికి అప్పు దొరకడం కష్టమైంది. ఈ వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

అసలు దెబ్బ ఇక్కడే. అక్కడ మామూలు కుటుంబానికి ఇల్లే పెద్ద ఆస్తి. తాత కొనలేకపోతే తండ్రికి వారసత్వం లేదు, మనవడి చదువుకు తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు. పైగా బడులకు వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. ఇళ్ల ధర తక్కువైతే బడికి వచ్చేదీ తక్కువే. ఇప్పుడు ఏ అధికారీ ఎవర్నీ ద్వేషించక్కర్లేదు, లెక్క దానంతటదే నడుస్తుంది.

2022లో ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) సర్వేలో శ్వేతజాతి కుటుంబాల మధ్యస్థ సంపద (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ ఉండే మొత్తం) సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 45,000 లోపు. దీనికి మ్యాపులొక్కటే కారణమని నేననను. జీతాల తేడా కూడా ఉంది, దాని గురించి వీలున్నప్పుడు రాస్తా.