కలెక్టర్ గారూ, మా కాలేజీ కూలర్ నీళ్లు ఒక గ్లాసు తాగి చూడండి

కలెక్టర్ గారూ, నమస్తే. గుంటూరు ఎండలో ల్యాబ్ అయ్యాక మా మూడో అంతస్తు కూలర్ దగ్గరికెళ్లి కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత గోరువెచ్చటి నీళ్లు, ట్రేలో పాకుడు. ఇంకేముంది, అందరం గేటు బయట కిళ్లీకొట్టుకే. 250 మిల్లీలీటర్ల కోలాలో చక్కెరే సుమారు 26 గ్రాములు, అంటే ఐదారు చెంచాలు, అయినా గంటకే మళ్లీ దాహం. అమ్మాయిలమైతే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లే మానేస్తున్నాం (మా రూమ్మేట్‌కి రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్). 2019లో కేరళ బడుల్లో వాటర్ బెల్ (పిల్లలు నీళ్లు తాగడానికి కొట్టే గంట) పెట్టారు, మంచిదే, కానీ మాకు గంట కాదండీ, ముందు శుభ్రమైన కూలర్, గడియ పడే బాత్రూమ్ కావాలి. క్యాంటీన్‌లో మజ్జిగ కూడా పెట్టిస్తే ఇంకా సంతోషం. ఒకరోజు చెప్పకుండా రండి, గ్లాసు మేమే ఇస్తాం.