ఖాళీ సమాధికి థర్మకోల్ దేనికి?

సంపాదకులకు,

అలంకరణకు వాడే థర్మకోల్‌పై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా ఈస్టర్ వచ్చిందంటే చాలా చర్చిల వేదికల మీద ఖాళీ సమాధి సెట్టు, పైన ‘క్రీస్తు లేచెను’ అక్షరాలు, అన్నీ థర్మకోల్‌తోనే. పండుగ అయ్యాక ఆ ముక్కలు చేరేది మురుగు కాలువలోకి. వినాయక చవితికి మట్టి విగ్రహాలు వాడమని ప్రచారం చేసే మున్సిపాలిటీలు ఈ పండుగనూ పట్టించుకోవాలి. అంతకంటే ముందు సంఘ పెద్దలు పట్టించుకోవాలి, ఎందుకంటే కావలసిన సరుకంతా ఇళ్లలోనే ఉంది.

సమాధికి కిరాణా కొట్టు అట్టపెట్టెలు రెండు పెద్దవి చాలు. ఒకదానికి గుండ్రంగా ద్వారం కోసి, నలిపిన పేపరు ఉండలు పైన దారంతో కట్టితే రాతి ఎత్తుపల్లాలు వస్తాయి. వాటిమీద మైదా జిగురులో ముంచిన పేపరు పీలికలు మూడు పొరలు అంటించాలి. జిగురుకు గ్లాసు మైదా, ఐదు గ్లాసుల నీళ్లు. పిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టి చిక్కబడేదాకా తిప్పాలి. తొందరపడి మూడు పొరలూ ఒకేసారి వేస్తేనే తంటా. లోపలి తడి ఆరక అట్ట కుంగిపోతుంది, బూజు వాసన కొడుతుంది. ఒక పొర ఎండలో గలగలలాడేలా ఆరాకే రెండోది వేయాలి. రంగుకు బూడిద, ఎర్రమట్టి చాలు. అవి కూడా జిగురు నీళ్లలోనే కలపాలి, ఉత్త నీళ్లతో పూస్తే ఆరాక పొడిగా రాలుతుంది. పాత చేటకో వెదురు తట్టకో ఇదే పూత వేస్తే మూతరాయి అవుతుంది. లోపల కొవ్వొత్తి మాత్రం వద్దు. అదంతా కాగితం, ఇట్టే అంటుకుంటుంది. చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు.

అక్షరాలు అట్ట మీద రాసి కోసుకోవచ్చు, పెద్ద పనేం కాదు.

ముందు పరిచే పచ్చికకు ప్లాస్టిక్ గడ్డి కొనక్కర్లేదు. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు పళ్లెంలో రెండంగుళాల మట్టి పోసి, ఆవాలు ఒత్తుగా చల్లి, మొలక వచ్చేదాకా తడిగుడ్డ కప్పితే ఈస్టర్ నాటికి పచ్చగా లేస్తుంది. నీళ్లు చిలకరించాలే తప్ప పోయకూడదు. నిలిచాయంటే మొలకలు కుళ్లుతాయి.

ఇక ఈస్టర్‌కు పిల్లలకు పంచే రంగు గుడ్లు. లీటరు నీళ్లలో నాలుగు గుప్పెళ్ల ఉల్లిపొట్టు అరగంట మరిగించి, వడకట్టి, చల్లారాక రెండు చెంచాల వెనిగర్ కలిపి, అందులో గుడ్లు ఉడికిస్తే ఇటుక రంగు పడుతుంది. పులుపు తగిలితే పెంకుకు రంగు బాగా అంటుతుంది. వెనిగర్ ఎక్కువైతే పెంకు గరుకుగా మారి మచ్చలు పడతాయి. ఫారం తెల్ల గుడ్లే తీసుకోవాలి, నాటుకోడి గుడ్డు మీద రంగు అంతగా తేలదు. నూనె చేయి తగిలిన చోట రంగు పట్టదు గనుక ముందే సబ్బు నీళ్లతో తుడవాలి. కొత్తిమీర ఆకు అద్ది పలుచని పాత గుడ్డతో బిగించి కట్టి ఉడికిస్తే ఆకు అచ్చు తెల్లగా మిగులుతుంది. కట్టు వదులైతే రంగు కిందికి దూరి అచ్చు అలుక్కుపోతుంది. పసుపుతోనూ రంగు వస్తుంది కానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది, నీడనే ఉంచాలి. గుడ్లు దొర్లకుండా నిలబెట్టడానికి పాత గాజుల కంటే మంచివి లేవు.

ఈ ఎండల్లో ఉడికిన గుడ్లు గంటకు మించి బయట ఉండకూడదు. పిల్లలకు పంచేవి ఫ్రిజ్‌లో పెట్టి, వేదిక మీద ఖాళీ పెంకులే పెట్టాలి. గుడ్డుకు రెండు కొసలా సూదితో బెజ్జం చేసి, కింది బెజ్జం కాస్త పెద్దది చేసి, లోపలి సొన కదిపి ఊదితే బయటికి వచ్చేస్తుంది. ఆ సొన అట్టుకు పనికొస్తుంది. ఖాళీ పెంకు కడిగి ఆరబెట్టి అదే ఉల్లిపొట్టు నీళ్లలో మునిగేలా పట్టుకుంటే సరి, ఉడికించే పని లేదు.

పాస్టర్లు ఈ సంగతి మట్టల ఆదివారానికి ముందు వారమే ఆరాధనలో ప్రకటించాలి. గుడ్ ఫ్రైడే దాటాక మొదలుపెడితే పొరలు ఆరవు, ఆవాలు మొలవవు, అందరూ మళ్లీ థర్మకోల్ కొట్టుకే పోతారు.

– సండే స్కూలు ఉపాధ్యాయులు, గుంటూరు