హత్య కేసుల్లో పంచనామా గురించి హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విశ్రాంత గ్రామ రెవెన్యూ అధికారిని. ఉద్యోగంలో ఉండగా పోలీసులు కబురు పెట్టినప్పుడల్లా మధ్యవర్తిగా, అంటే సాక్షిగా వెళ్లి శవ పంచనామాలకు (శవాన్ని పరిశీలించి రాసే నివేదికలకు), సీన్ మహజర్లకు (సంఘటన స్థలాన్ని చూసి రాసే నివేదికలకు), ముద్దాయి చూపించిన ఆయుధాల స్వాధీనానికి సంతకాలు పెట్టాను. హత్య కేసు చాలాసార్లు ఆ కాగితాల దగ్గరే వీగిపోతుంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఎఫ్ఐఆర్ ప్రతి మేజిస్ట్రేటుకు ఆలస్యంగా చేరితే పేర్లు తరువాత ఇరికించారనే వాదన పుడుతుందని ప్రతి సీఐకీ తెలుసు. దాని గురించి ఎక్కువ చెప్పను. అసలు చిక్కు శవం దగ్గర మొదలవుతుంది. ఒకసారి కాలువ గట్టు మీద శవం పడి ఉంటే, ఆధారాలు సేకరించే క్లూస్ టీం వచ్చేలోగా ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఆ చెప్పుల జాడల్లో హంతకుడివి ఏవో చెప్పగలిగిన వాడు లేడు. నెత్తురు తడిసిన మట్టిని ఒక పొట్లంలోనూ, పోల్చి చూడటానికి పక్కనున్న మామూలు మట్టిని మరో పొట్లంలోనూ కట్టి, మధ్యవర్తుల సంతకాలున్న చీటీలు అంటించి అక్కడికక్కడే లక్క సీలు వేయాలి. ఆ రోజు మట్టి తీశారు గానీ, చీటీల మీద సంతకాలు మాత్రం సాయంత్రం స్టేషనులో, ఆ చీటీలు ఖాళీగా ఉండగానే చేయించుకున్నారు. నేను కాదనలేదు, ఆ తప్పులో నా వాటా నాకుంది. తరువాత కోర్టులో డిఫెన్సు లాయరు పొట్లాలెన్ని, సీలు ఎక్కడ వేశారు అని అడిగితే నోట మాట రాలేదు.

శవ పంచనామా మరణం ఎలా సంభవించిందో తేల్చడానికే తప్ప చంపిందెవరో నిర్ణయించడానికి కాదని మన రాష్ట్రం నుంచి వెళ్లిన అప్పీలులోనే సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. ఇక ముద్దాయి చూపించగా దొరికిన ఆయుధం సంగతికొస్తే, మన గుంటూరు ప్రాంతపు పులుకూరి కొట్టయ్య కేసులో గడ్డివామిలో దాచిన ఈటె గురించి బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ 1946లో ఇచ్చిన తీర్పునే దేశమంతటా న్యాయస్థానాలు నేటికీ చదువుతున్నాయి: దాచిన చోటు చెప్పిన మాట చెల్లుతుంది, దానితోనే పొడిచానన్న మాట చెల్లదు. అయినా మా చేత సంతకం చేయించే కాగితంలో నేరం ఒప్పుకోలు మొదటి నుంచి చివరి దాకా ఉండేది.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టలులో 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థిని హత్య తమకు తెలియనిది కాదు. శిక్షపడి ఏళ్ల తరబడి జైల్లో ఉన్న యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. తరువాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019లో తెనాలిలో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేయవలసి వచ్చింది. పన్నెండేళ్ల తరువాత ఎముకలను అడగవలసి రావడం ఆ తల్లిదండ్రులకు ఎంత నరకమో వేరే చెప్పాలా?

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176వ సెక్షను, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలంటోంది. అయితే అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వరకు వెసులుబాటు ఇచ్చింది. హత్య కేసుల వరకైనా ఆ గడువు చివరి దాకా ఆగకుండా, ఏ మండలానికి ఎన్ని గంటల్లో నిపుణుడు చేరగలడో ప్రకటించమని నా మనవి. అదే చట్టం 105వ సెక్షను ప్రకారం స్వాధీనాన్నీ, జాబితా రాయడాన్నీ, సాక్షుల సంతకాలనూ వీడియో తీయాలి. ఆ వీడియో స్టేషనులో టేబులు ముందు కాక సంఘటన స్థలంలోనే తీసేలా ఉత్తర్వు ఇవ్వండి. దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరు చేయమని సుప్రీంకోర్టు పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006లోనే ఆదేశించింది. పోస్టుమార్టం జరుగుతుండగానే సీఐని బందోబస్తుకు పంపే పద్ధతి ఉన్నంతకాలం దర్యాప్తును రోజువారీగా నమోదు చేయవలసిన కేసు డైరీ తీరిక దొరికినప్పుడు రాసేదిగానే ఉంటుంది.

ఆ ఖాళీ చీటీల సంగతి విచారణకు పిలిస్తే వచ్చి ప్రమాణం చేసి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత గ్రామ రెవెన్యూ అధికారి,
కృష్ణా జిల్లా