కలిపిన మందులకు రుజువేది?

సంపాదకుల వారికి,

రెండు మూడు మందులు కలిపిన షుగరు బిళ్లలు ఇప్పుడు ఏ మెడికల్ షాపులో చూసినా అరల నిండా ఉంటున్నాయి. తామరకు పూసే ఆయింట్‌మెంట్లదీ ఇదే తీరు. కలపడమే తప్పని అనను. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన బిళ్ల ఎంతోమందికి వీలుగానే ఉంది. కలిపితే మేలని రోగుల మీద ట్రయల్స్‌లో తేలకుండానే అమ్మకానికి వచ్చేవాటి మీదే నా అభ్యంతరం.

2016 మార్చిలో కేంద్రం 344 కాంబినేషన్ మందులను నిషేధించింది. వాటిని పరిశీలించిన కమిటీకి అధ్యక్షుడు మన కాకతీయ విశ్వవిద్యాలయం మాజీ వైస్ చాన్స్‌లర్ చంద్రకాంత్ కోకటే. కంపెనీలు కోర్టుకెక్కాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మళ్లీ పరిశీలన జరిగి, 2018 సెప్టెంబరులో 328 మందుల మీద నిషేధం ఖాయమైంది. ఆ జాబితాలో మూడు మందుల షుగరు బిళ్లలూ ఉన్నాయి, స్టెరాయిడ్‌తో యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ఆయింట్‌మెంట్లూ ఉన్నాయి. 2024 ఆగస్టులో మరో 156 నిషేధించారు. మరి అప్పటిదాకా డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్ల మీదే కదా ప్రయోగం జరిగింది?

కిడ్నీల పనితీరు తగ్గిన పెద్దాయనకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే తగ్గించాలంటే మూడూ కలిసిన బిళ్లతో కుదరదు. ఆయింట్‌మెంట్ల సంగతి ఇంకా ఘోరం. స్టెరాయిడ్ వల్ల దురద, ఎరుపు త్వరగానే తగ్గుతాయి, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. పూయడం మానేస్తే మళ్లీ రేగుతుంది, మళ్లీ అదే ట్యూబు కొంటారు. షుగరు అదుపులో లేనివాళ్లకు ఫంగస్ బెడద అసలే ఎక్కువ. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లోనే చెప్పారు. అయినా 'తామరకి ఏదైనా ఇవ్వండి' అంటే చాలు, చేతిలో పెట్టే షాపులకు మా ఊళ్లో కొదవ లేదు.

విడివిడిగా అనుమతి ఉన్న మందులనైనా తొలిసారి కలిపితే కొత్త మందుగానే చూడాలని 2019 నిబంధనల్లో ఉంది. దేశంలో ట్రయల్స్‌ను ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచే తప్పనిసరి. కానీ చేతిలో ఉన్న బిళ్లకు ఏ ట్రయల్ ఆధారమో కొనేవాడికి తెలిసే దారేదీ? 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. అందులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు వస్తాయి. కాంబినేషన్ మందులన్నిటికీ ఈ కోడ్ పెట్టి, కేంద్రం అనుమతించిన తేదీని, ట్రయల్ జరిగి ఉంటే దాని రిజిస్ట్రీ నంబరును కూడా చేర్చమని కేంద్ర ఆరోగ్య శాఖను కోరుతున్నాను. ఈలోగా రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు నిషేధిత మందుల జాబితాను తెలుగులో ప్రతి మెడికల్ షాపు ముందూ అంటింపజేయాలి.

— ఒక పాఠకుడు, హనుమకొండ